వాన పడితే గుబులు: వైపర్ల పనిలో నా ఏండ్లు

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందే చెప్పేస్త. వైపర్లు బాగుచేసే పనిలో ఇన్నేండ్లు ఉన్న నాకు వాన అంటే భయం. చినుకు పడ్డదంటే, ఈమధ్య నా చేతుల మీదుగ పోయిన కార్లన్నీ ఒకదాని వెనుక ఒకటి కండ్ల ముందటికి వస్తయి. తెల్లది, ఇటుక రంగుది, వెనుక అద్దం మీద పిల్లల బొమ్మలు అతికించినది. అవి ఇప్పుడు ఏ వంతెన మీద ఉన్నయో, నడిపేటోళ్లకు ముందర దారి కనపడుతుందో లేదో. దుకాణంలో అందరూ నేను చేతులు కడుక్కోనీకి వెనుకకు పోయిననుకునేటోళ్లు. నేనేమో రేకుల కింద నిలబడి, వాన చప్పుడు వినుకుంట, ఎప్పుడు తగ్గుతదా అని చూసేదాన్ని.

నాకు ఇంకా ముప్ఫై నిండలేదు. "అప్పుడే రిటైరైనవా?" అని మా జహనుమా గల్లీలో నవ్వుతరు. గ్రీజు, పెట్రోలు పడక నా చేతుల తోలు పగిలి పుండ్లయినయి. ఇగ ఈ పని ముట్టొద్దని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. నాకు తెలిసిన ఐటీఐ పిల్లలు కొందరు ఇప్పుడు ఈ పనికి వస్తున్నరు. "అక్కా, పని ఎట్లుంటది?" అని అడిగిన్రు. నలుగురి ముందు నాకు మాట పెగలదు. రాయడమైతే చిన్నప్పటి నుంచి అలవాటు, రోజూ డైరీలో ఇంత రాసుకోకుంటే నాకు తోచదు. అందుకే ఇది రాస్తున్న.

రబ్బరు ఒక్కటే కాదు

వైపర్ పనిచేస్తలేదంటే రబ్బరు మారిస్తే చాలనుకుంటరు. రబ్బరు చివరి ముక్క. కథ బ్యాటరీ దగ్గర మొదలైతది. కరెంటు ఫ్యూజ్ దాటాలె, స్టీరింగ్ పక్కన ఉన్న స్విచ్ దాటాలె, మోటార్‌లోకి పోవాలె. మోటార్ తిరిగితే కడ్డీలు ఆడాలె, కడ్డీలు ఇరుసులను తిప్పాలె. అప్పుడు గాని అద్దం మీద వైపర్లు కదలవు. అంతటితో అయిపోలేదు. పోయిన కరెంటు కారు ఇనుము గుండా మళ్లీ బ్యాటరీకి చేరాలె. ఆ తిరుగు దారిని మేము ఎర్త్ అంటం. పాత కారులో ఈ దారి పొడుగునా ఎక్కడో ఒక దగ్గర తుప్పు కూర్చొని ఉంటది.

ఒక వైపర్ ఆడి రెండోది ఊరుకుంటే మోటార్ జోలికి పోకండి. కడ్డీ చివర ప్లాస్టిక్ తొడుగు, అంటే బుష్, అరిగి ఊడిపోయి ఉంటది. మోటార్ చప్పుడు వస్తున్నా రెండూ కదలకపోతే, మోటార్ మీది నట్టు వదులైనట్టు. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజ్ నుంచి మొదలుపెట్టాలె. రెండూ ఈడ్చుకుంట నడుస్తున్నయా, కడ్డీలు విప్పి ఇరుసును చేత్తో తిప్పి చూడండి. బిగిసిపోయి ఉంటే తుప్పే. కిరోసిన్ పోసి, ఓపికగ అటూ ఇటూ ఆడిస్తే వదులుతది. సుత్తితో కొడితే వదలదు, ఇరుగుతది.

ఫ్యూజ్ సంగతి మాత్రం గట్టిగ చెప్తున్న. పెండ్లిండ్ల ఫొటోలు తీసే ఒకాయన పాత కారు తెచ్చిండు. ఫ్యూజ్ మాటిమాటికీ పోతుందని ఎవరో దానికి సిగరెట్ డబ్బాలోని మెరుపు కాగితం చుట్టి పెట్టిన్రు. ఇరుసులు బిగుసుకుపోతున్నయి, మోటార్ గుంజలేక కాగుతుంది, కాని ఫ్యూజ్ పోదు కదా. డ్యాష్‌బోర్డ్ కింద వైర్ల తొడుగులు కరిగి ఒకదానికొకటి అతుక్కున్నయి.

"ఉస్తాద్, గా కాగితం పెట్టినంక వైపర్ ఒక్కపారి ఆగలె తెల్సా!" అని ఆయన మెచ్చుకుంట చెప్పిండు.

"వైపర్ ఆగలె భాయ్. నువ్వే ఆగిపోతుంటివి," అన్నడు నాకు పని నేర్పిన ఉస్తాద్.

అందరూ నవ్విన్రు. ఆ కరిగిన వైర్లు నా చేతిలో ఉన్నయి. నాకు నవ్వు రాలేదు.

ఉస్తాద్, పర్దా

గౌస్ ఉస్తాద్ మా నాన్నకు దోస్త్. నాన్న వెల్డింగ్ పని చేస్తడు. ఇంటర్ అయినంక నేను ఇంట్లోనే ఉండి, దొరికిన పుస్తకమల్లా చదువుకుంట, ఎవరన్న వస్తే లోపలి అర్రలోకి పోయేదాన్ని. ఒక రోజు ఉస్తాద్ ఇంటికి వచ్చినప్పుడు నేను పాత మిక్సీ మోటార్ విప్పి పెట్టుకొని కూర్చున్న. "అరే, నీ బిడ్డ మోటార్లకు సిగ్గుపడదు, మనుషులకే పడతది. నా కాడికి తోలియ్," అన్నడు నాన్నతోని. అట్ల బహదూర్‌పురాలో ఆయన ఆటో ఎలక్ట్రిక్ దుకాణంలో చేరిన.

దుకాణంలో ముందర బల్ల, చాయ్, గిరాకీ. వెనుక ఒక పర్దా. పర్దా అవతల నేను, నా స్టూలు, విప్పిన మోటార్లు. గిరాకీతో మాట్లాడుడు ఉస్తాద్ వంతు, పని చేసుడు నా వంతు. గిరాకీ చాయ్ తాగుకుంట చాలాసేపు చెప్పిందంతా విని, ఉస్తాద్ పర్దా పక్కకు జరిపి "రూత్ బేటా, వైపర్ స్లో. దేఖ్" అనేటోడు, చూడు అని. అంతే. నేను పోయి చూసే యాళ్లకు గిరాకీ ముందర బల్ల మీదనే ఉంటడు. నేను ఎవరి ముఖమూ చూసే పని లేకుండె.

ఆయన నియమం ఇంకొకటి ఉండె. దుకాణంలో బండి నిలబడ్డంక హెడ్‌లైట్ వెయ్యొద్దు. ఇంజిన్ బంద్ చేసి పని చేస్తం, పాత బ్యాటరీలు ఊరికే దిగిపోతయి, మళ్లీ అందరం బండిని నూకాలె. ఎవరన్న లైట్ వేస్తే "లైట్ బంద్!" అని పక్క పంచర్ దుకాణం దాకా వినపడేటట్టు అరిచేటోడు. మంచి నియమమే.

ఉస్తాద్ మంచోడు. నా సిగ్గును చూసి ఒక్కనాడు ఎక్కిరించలేదు, దానికో పర్దా కట్టి ఇచ్చిండు. ఆ పర్దా నాకు సుఖంగ ఉండె. అది కార్లకు మంచిది కాదని తెలుసుకునేటందుకు మాత్రం బాలమణమ్మ కారు రావాల్సి వచ్చింది.

బాలమణమ్మ కారు

బాలమణమ్మ, ఆమె పెనిమిటి పోచయ్య బాపు మా జహనుమాలనే ఉండేటోళ్లు. బాపు బస్సు డ్రైవర్‌గ రిటైరైండు. రెండు కిడ్నీలూ చెడి, వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు నయాపూల్ వంతెన అవతల ఒక దవాఖానకు పోవాలె. ఆటోలో కుదుపులకు తిరుగు ప్రయాణంలో వాంతులు చేసుకునేటోడు. అందుకని బాలమణమ్మ ఆ వయసులో డ్రైవింగ్ నేర్చుకొని, ఇంట్లో ఉన్న పాత కారులోనే ఆయనను తీసుకపోయేది. పక్క సీట్లో ఆయన, "గేర్ మార్చు, అది ఏడుస్తుంది" అనుకుంట.

మొదటిసారి కారు వచ్చినప్పుడు ఉస్తాద్ నాకు ఎప్పటి మాటే చెప్పిండు. వైపర్ స్లో. నేను మోటార్ విప్పి చూస్తే లోపల కరెంటు అందించే కార్బన్ ముక్కలు అరిగి ఉన్నయి. మార్చిన, లోపల శుభ్రం చేసిన, గ్రీజు పెట్టిన. అద్దం మీద నీళ్లు పోసి తిప్పితే మంచిగ తిరిగినయి. పంపించేసినం.

తర్వాతి వానకే కారు మళ్లీ వచ్చింది. ఆ పొద్దు పర్దా చాటు నుంచి బాలమణమ్మ గొంతు విన్న. దవాఖాన నుంచి వస్తుంటే సాయంత్రం నయాపూల్ మీద వైపర్లు మెల్లగైనయట, నడిమిట్ల నిలబడిపోయినయట. ముందర ఏమీ కనపడక ఆమె తలకాయ కిటికీలో నుంచి బయట పెట్టి నడిపింది. వెనుక బస్సులు ఒకటే హారన్.

"గీయన ఊకున్నడా? డ్యాష్‌బోర్డ్ల కెల్లి నమిలే తంబాకు తీసిండు. బస్సు నడిపిన కాలంల అద్దానికి తంబాకు రుద్దెటోళ్లంట, నీళ్లు జారిపోతయంట. కిటికీల నుంచి చెయ్యి బయట పెట్టి రుద్దవట్టె. సూదులు గుచ్చిన చెయ్యి ఉస్తాద్! పట్టీ తడిసి ఊడిపాయె. నెత్తురు కారవట్టె. నేను నడపాల్నా, చెయ్యి పట్టుకోవాల్నా?" అన్నది. "మా తమ్ముడైతే కారు అమ్మేద్దాం అంటుండు. ఇంకోపారి ఆగితే నేను గూడ వద్దనను. కానీ ఆటోల ఈయన ఎట్ల పోతడు?"

నేను స్టూలు మీద కూర్చొని నా చేతుల దిక్కు చూసుకున్న. ఆ చేతులే కదా మోటార్ బిగించింది.

ఈసారి స్విచ్ మార్చిన. కడ్డీల బుష్‌లన్నీ కొత్తవి వేసిన. ఇరుసులు విప్పి గ్రీజు పెట్టిన. నట్టు బిగించి, నమ్మకం లేక మళ్లీ బిగించిన. మగ్గుతో అద్దం మీద నీళ్లు పోసుకుంట, భుజాలు గుంజేదాక వైపర్లు తిప్పి చూసిన. ఒక్కసారి కూడా తడబడలేదు. ఆగని వైపర్ను చూసి భయపడడం అప్పుడే నాకు తెలిసింది. చెడింది చెడ్డట్టు కనపడితే చేతికి పని దొరుకుతది. నా ముందర మంచిగ తిరిగి, వంతెన మీద ఆగేదాన్ని ఏం చెయ్యాలె?

అనుకున్నట్టే అయింది. సన్న వాన పడ్డ ఒక సాయంత్రం వాళ్ల గల్లీ మలుపులోనే వైపర్లు ఆగినయి. ఇంటి దగ్గర కాబట్టి సరిపోయింది. మర్నాడు పొద్దున్నే కారు దుకాణం ముందర ఉన్నది.

"మోటార్ కొత్తది వేసెయ్ బేటా, జాన్ ఛూటే," అన్నడు ఉస్తాద్. పీడ పోతది అని. నాకు మనసొప్పలేదు. మోటార్లో ఏమీ లేదని నా చేతులకు తెలుసు. కాని ఏమున్నదో తెలువదు.

కారులో కూర్చున్న మనిషి

ఆ రోజు పోచయ్య బాపు కారు దిగలేదు. కాళ్లల్లో బలం లేదు. బాలమణమ్మ ముందర బల్ల మీద కూర్చుంటే, ఆయన ఎడమ సీట్లోనే ఉన్నడు. నేను డ్రైవర్ సీట్లో కూర్చొని పని చెయ్యాలె. అంత దగ్గరగ ఒక గిరాకీ పక్కన నేను ఎన్నడూ కూర్చోలేదు. తల ఎత్తకుండ స్విచ్ కింది మూత విప్పుతున్న.

"నువ్వేనా వైపర్ డాక్టరువు?" అన్నడు.

నేను తలూపిన.

"మా డాక్టరు గూడ గిట్లనే. మన దిక్కు సూడడు, మిషన్ దిక్కు సూస్తడు. నేను ఎట్లున్న అని మిషన్‌ను అడుగుతడు."

ఆయన నన్ను అనలేదు, వాళ్ల డాక్టరునే అన్నడు. అయినా నా చెవులు వేడెక్కినయి. స్క్రూ డ్రైవర్ కింద పెట్టిన. ఆయన దిక్కు తిరిగిన.

"బాపూ, వైపర్ ఆగే ముందర ఏమైంది?"

"అబ్బ! గిన్ని దినాలకు ఒకరన్న అడిగిన్రు." ఆయన సీట్లో సర్దుకొని, ఎదురుగ స్టీరింగ్ ఉన్నట్టే రెండు చేతులూ లేపిండు. "ఇగో, దవాఖాన కెల్లి ఎల్లినం. చినుకు పడ్డది. వైపర్ ఏసింది. మంచిగనే తిరుగుతుండె. సీకటి పడవట్టె. లైట్లేసింది. లైట్లేసినంక జర దూరం పోయినమో లేదో, వైపర్లు ముసలోళ్ల లెక్క నడుసుడు షురువైంది. నేను నడిసినట్టే అనుకో. ఇగ ఆగినయి."

"గల్లీలో ఆగినప్పుడు?"

"అప్పుడు గూడ లైట్లేసింది గదా, సీకటైతుండె."

నేను ఉస్తాద్ దిక్కు చూసిన. ఆయన అటు తిరిగి బాలమణమ్మకు చాయ్ పోస్తున్నడు. తాళం చెవి తిప్పిన, వైపర్ వేసిన. ఎప్పటిలాగే చక్కగ తిరిగినయి. అప్పుడు లైట్ వేసిన.

"లైట్ బంద్!" అని అలవాటుగ కేక వినపడ్డది.

బంద్ చెయ్యలేదు. నా కండ్ల ముందర వైపర్లు సగం అద్దం దాకా ఎక్కి, ఆయాసపడ్డట్టు నిలబడ్డయి. లైట్ తీసేసిన, నడిచినయి. మళ్లీ వేసిన, నిలబడ్డయి.

"ఉస్తాద్," అని అరిచిన. నా గొంతు ముందర బల్ల దాకా పోవడం అదే మొదటిసారి. ఆయన చాయ్ గ్లాసుతోనే ఉరికొచ్చిండు.

తర్వాతి పని తేలికే. మోటార్ ఇనుము నుంచి బ్యాటరీ దాకా ఒక లావు వైరు వేసి పట్టుకుంటే, లైట్లు వెలుగుతున్నా వైపర్లు చకచకా తిరిగినయి. అంటే తిరుగు దారి మూసుకపోయింది. వెతుకుతే డ్యాష్‌బోర్డ్ కింద ఒక బోల్ట్ దొరికింది. వైపర్ ఎర్త్, లైట్ల ఎర్త్ రెండూ ఆ ఒక్క బోల్ట్‌కే ఉన్నయి. దాని కింద నిగనిగలాడే కొత్త రంగు.

"అమ్మా, కారుకు రంగు ఎప్పుడు వేయించిన్రు?" అని అడిగిన. ఇప్పుడు అడగడం కొంచెం అలవాటయింది.

"వానలు పడకముందు. గా తమ్ముడే ఏయించిండు, మంచి రేటు వస్తదని," అన్నది బాలమణమ్మ. "అయినంకనే గీ లొల్లి షురువైంది."

రంగు వేసినోళ్లు బోల్ట్ విప్పి, కిందంతా రంగు కొట్టి, దాని మీదనే మళ్లీ బిగించిన్రు. సన్నటి సందులో నుంచి వైపర్‌కు సరిపోయేంత కరెంటు పోతుంది. లైట్లు కూడా వేస్తే రెండింటికీ చాలదు. గరుకు ఎమిరి కాగితంతో తెల్లటి ఇనుము కనపడేదాక గీకిన. వైర్లకు కొత్త కొసలు వేసి, బిగించి, పైన గ్రీజు పూసిన.

"గింతేనా?" అన్నడు పోచయ్య బాపు.

"గింతే బాపూ."

"మరి గా తంబాకు పారెయ్యాల్నా?"

"ఒక్క వాన చూసినంక పారెయ్యండి," అన్న. నవ్వులాటకు అనలేదు.

పిల్లలారా, నేను నేర్చుకున్నది ఇది. బండి ఎక్కడ ఆగిందో, ఆగేటప్పుడు నడిపేటోళ్ల చెయ్యి దేని మీద ఉన్నదో, ఈమధ్య దానికి ఇంకేం పని చేయించిన్రో అడగండి. వేరేటోళ్లు విని మీకు చెప్పే ముక్క చాలదు. వంతెన మీద ఎట్ల నడుస్తదో దుకాణంలో అట్లనే నడిపి చూడండి. లైట్లు, ఫ్యాను, హారన్, అన్నీ వేసి. బ్యాటరీ దిగితే నూకుదాం. ఉస్తాద్ ఆ రోజు నుంచి "లైట్ బంద్" అనడం మానలేదు గాని, అనే ముందర నా దిక్కు ఒకసారి చూసేటోడు. పర్దా మాత్రం నేనే తీసి మడత పెట్టిన. దాంతోని సిగ్గు పోయిందని అబద్ధం చెప్పను. సిగ్గుతోనే అడిగిన, ప్రతిసారీ.

ఆఖరి రోజు

ఆ పని అయినంక ఎండలు కాసినయి. వాన లేదు. నా చేతులు మరింత పుండై, డాక్టరమ్మ మాట వినక తప్పలేదు. నేను పని మానే రోజు మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది. సాయంత్రం కాంగనే ఎదురుగ ఉన్న దుకాణం బోర్డు కనపడనంత వాన.

అది వాళ్ల డయాలిసిస్ దినం. దవాఖాన నుంచి తిరిగొచ్చే యాళ్ల. లైట్లు వేసే యాళ్ల.

ఆ బోల్ట్ బిగించిన్నా? బిగించిన. కొస వైరుకు గట్టిగ పట్టిందా? గుంజి చూసిన కదా. చూసిన్నా, చూసిన అనుకున్ననా? రేకుల కింద నిలబడి ఇవే అడుక్కున్న. చేతులకు పట్టీలు, కడుక్కోనీకి వచ్చిన అనే సాకు కూడా లేదు. ఉస్తాద్ వెనుకకు వచ్చి నా పక్కన నిలబడ్డడు. తన ఫోన్లో బాలమణమ్మ నంబరు కలిపి నా చేతిలో పెట్టిండు. "పూఛ్ లే, బేటా." అడిగెయ్యి అని. ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పలేదనుకున్న సంగతి ఆయనకు తెలుసునేమో.

నేను గిరాకీకి ఫోన్ చెయ్యడం అదే మొదలు. అవతల చాలాసేపు మోగింది. ఎత్తింది పోచయ్య బాపు.

"ఎవరూ?"

"బాపూ, నేను… వైపర్…"

"ఓ, డాక్టరా! నయాపూల్ మీదున్నం."

"లైట్లు వేసిన్రా?"

"ఏసింది. ఎదురుంగ వచ్చెటోని కండ్లు పోతున్నయి."

వాన చప్పుడుకు సరిగ్గ వినపడలేదు. ఫోన్ చెవికి ఒత్తుకున్న. "తంబాకు ఎక్కడున్నది బాపూ?" అన్న. ఆయన చెయ్యి మళ్లీ కిటికీ బయట ఉన్నదేమో అని నా భయం.

"నోట్లున్నది," అన్నడు. వెనుక నుంచి బాలమణమ్మ గొంతు లేచింది. "ఆఁ? ఏమున్నది నోట్ల? ఉమ్మెయ్! డాక్టరు ఏం చెప్పిండు నీకు?" "నువ్వు రోడ్డు సూడు, గేర్ మార్చు," అని ఆయన. ఇద్దరూ కొట్లాడుకుంటుంటే, వాళ్ల మాటల నడుమ నాకు ఆ చప్పుడు వినపడ్డది. అటు ఒకటి, ఇటు ఒకటి. ఆగకుండ.

కారు అమ్మలేదు. ఆ చలికాలంలో పోచయ్య బాపు పోయిండు, ఇంట్లోనే, తన మంచం మీద. బాలమణమ్మ ఇప్పటికీ ఆ కారు నడుపుతది, మా గల్లీలో నుంచి పోయేటప్పుడు హారన్ కొడతది. ఆ ఫోన్ తర్వాత బాపుతో నేను మళ్లీ మాట్లాడలేదు. పెట్టేసే ముందర, నోట్లో తంబాకు ఒక పక్కకు జరుపుకొని, ఆయన నాతో అన్నది ఇంతే:

"రెండూ తిరుగుతున్నయి బిడ్డా. ఇగ ఫికర్ జేయకు, ఇంటికి పో."